సర్వీసంటే ఎవరి సర్వీసు? యూరప్ ఒప్పందాలూ, మన తండాలూ



జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ‘సర్వీసు’ అన్న మాటకి ఇన్నాళ్ళూ రెండే అర్థాలు. ఒకటి గవర్నమెంటు ఉద్యోగం. ‘వాళ్ళబ్బాయి సర్వీసులో ఉన్నాడు’ అంటే నెల తిరిగేసరికి జీతం వస్తుందని, పిల్ల నివ్వొచ్చని లెక్క. రెండోది బస్సు. ఇప్పుడు మూడో అర్థం ఒకటొచ్చింది. దాన్ని రాసేది మనం కాదు. బ్రస్సెల్స్‌లో, జెనీవాలో, లండన్‌లో, ఢిల్లీలో రాస్తున్నారు. దాని పేరు సేవల వాణిజ్యం. మొదటి సర్వీసులో రాజ్యాంగం పుణ్యమా అని మనకో వాటా ఉంది. ఈ మూడో సర్వీసులో లేదు. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే.

‘యూరప్ ఒప్పందాలకీ మన తండాకీ సంబంధం ఏంటన్నా?’ అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. పోడు పట్టాలు, కుల సర్టిఫికెట్లు, హాస్టల్ మెస్ బిల్లులు, మిర్చి కోతల కూలి రేట్లు.. ఇవి మన సమస్యలు, నిజమే. కానీ మన తండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో ఇప్పుడు డిగ్రీ చదివిన పిల్లలున్నారు. నర్సింగ్, డిప్లొమా, బీటెక్ చదివిన పిల్లలున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు పత్తి తీసి, మిర్చి కోసి, సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసి చదివించారు. ఆ పిల్లలకి ఉద్యోగం వస్తే ఎక్కువగా ఏదో ఒక ‘సేవ’లోనే వస్తుంది. ఆ సేవలకి రూల్సు ఎక్కడ రాస్తున్నారో తెలుసుకోకపోతే ఎలా?

ముందు ఈ మధ్య ఏం జరిగిందో చూద్దాం. 2024 మార్చి 10న స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్టెన్‌స్టైన్ దేశాల కూటమితో మన దేశం ఒప్పందం చేసుకుంది. 2025 అక్టోబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. పదిహేనేళ్ళలో 100 బిలియన్ డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు లక్ష్యమని అందులో రాసుకున్నారు. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. ఇక యూరోపియన్ యూనియన్‌తో చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగిపోయి, 2022లో మళ్ళీ మొదలై, 2026 జనవరి 27న ముగిశాయని ఢిల్లీలో ప్రకటించారు. సంతకాలు, యూరప్ పార్లమెంటు ఆమోదం పూర్తయ్యాకే అది అమలవుతుంది. పేపర్లు కార్ల ధరలు తగ్గుతాయని రాశాయి, విదేశీ వైను చవకవుతుందని రాశాయి. సేవల గురించి ఒక పేరా రాసి ఊరుకున్నాయి. మనకి కావలసింది ఆ పేరానే.

సేవల వాణిజ్యం అంటే ఏంటి? బియ్యం బస్తా అయితే ఓడెక్కుతుంది, పన్ను కడుతుంది. సేవ బస్తాలో పట్టదు. అందుకే 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు ‘గాట్స్’ అనే ఒప్పందం పుట్టినప్పుడు, సేవ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే దారులు నాలుగని రాసుకున్నారు. వీటిని నాలుగు తలుపులు అనుకోండి.

మొదటి తలుపు: మనిషి కదలడు, పని కదులుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాయడం ఇదే. రెండో తలుపు: సేవ కొనుక్కునేవాడే కదులుతాడు. మన పిల్ల ఫ్రాన్స్ పోయి ఎమ్మెస్ చదివితే ఆ ఫీజు ఫ్రాన్స్‌కి సేవల ఎగుమతి. మూడో తలుపు: కంపెనీ కదులుతుంది. యూరప్ బ్యాంకో, ఇన్సూరెన్స్ కంపెనీయో, ఆసుపత్రో ఇక్కడికొచ్చి ఆఫీసు తెరుస్తుంది. నాలుగో తలుపు: సేవ చేసే మనిషే కదులుతాడు. ఇంజినీరు, వంటమాస్టరు, ఆర్కిటెక్టు కొన్నాళ్ళు అక్కడికి పోయి పని చేసి వస్తారు.

ఇప్పుడు ఈ తలుపుల దగ్గర మనవాళ్ళు ఎక్కడున్నారో చూడండి.

మొదటి, మూడో తలుపులు ఈ దేశానికి బంగారు బాతులు. 2024-25లో మన దేశం సేవల ఎగుమతులు 387 బిలియన్ డాలర్లు దాటాయి. ఐటీ రంగంలో 58 లక్షల మంది దాకా పని చేస్తున్నారని ఆ పరిశ్రమ సంఘం నాస్కామే చెబుతోంది. యూరప్ కంపెనీలు తమ సొంత పనుల కోసం ఇక్కడే పెద్ద పెద్ద సెంటర్లు పెడుతున్నాయి. స్విట్జర్లాండ్ మందుల కంపెనీ నోవార్టిస్‌కి హైదరాబాద్‌లో ఉంది. ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ తన హైదరాబాద్ సెంటర్ మీద 2030 నాటికి 40 కోట్ల యూరోలు పెడతామని 2024లో ప్రకటించింది. ‘దేశం పోటీలో ముందుంది’ అని టీవీలో చెప్పేది ఈ లెక్కలు చూసే.

జగ్గయ్యపేట నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ళ పక్కనుంచే పోతుంది. చిల్లకల్లు దగ్గర బస్సెక్కితే నాలుగు గంటల్లో దిగొచ్చు. దారి దగ్గరే. కానీ ఆ అద్దాల బిల్డింగుల్లో మనవాళ్ళెంతమంది ఉన్నారు అని అడిగితే లెక్క చెప్పేవాడు లేడు. ఎందుకంటే లెక్క పెట్టాలన్న రూలే లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్టీలకి 6 శాతం రిజర్వేషన్ ఉంది. ఆఫీసులో రోస్టర్ ఉంటుంది, ఖాళీ ఉంటే బ్యాక్‌లాగ్ అని అడుగుతాం, ధర్నా చేస్తాం. ప్రైవేటు సేవల రంగంలో ఆ ప్రశ్న అడగడానికి కూడా కాగితం లేదు. 2006లో రిజర్వేషన్ చట్టం వస్తుందేమోనని భయపడి పరిశ్రమ సంఘాలు ‘మేమే స్వచ్ఛందంగా చేస్తాం’ అని మాటిచ్చాయి. ఇరవై ఏళ్ళు గడిచాయి. స్వచ్ఛందం స్వచ్ఛందంగానే మిగిలిపోయింది.

దేశం పోటీలో ఉందంటే దేశంలో అందరూ పోటీలో ఉన్నట్టు కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఎస్టీల అక్షరాస్యత 59 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే సుమారు 49 శాతం. అంటే సగం మందికి పైగా సంతకం దగ్గరే ఆగిపోయిన కాలంలో, ఇదే రాష్ట్రం ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నామని గొప్పగా చెప్పుకుంది. రెండూ అబద్ధం కాదు. రెండూ ఒకే రాష్ట్రంలో జరిగాయి. ఎగుమతుల లెక్క మొదటి పేజీలో పడింది, మన లెక్క జనాభా లెక్కల పుస్తకంలో ఉండిపోయింది.

ఇక నాలుగో తలుపు. మనుషులు పోయే తలుపు. అన్నింటికంటే ఇరుకైంది ఇదే. బ్రిటన్ ఒప్పందంలో ఒక చిన్న అంశం ఉంది. ఏడాదికి 1,800 మంది వరకు భారతీయ వంట నిపుణులు, యోగా టీచర్లు, శాస్త్రీయ సంగీత కళాకారులు అక్కడ కాంట్రాక్టు మీద సేవలందించొచ్చు. మంచిదే. ఎవరికి వచ్చినా సంతోషమే. కానీ ఆ మాట ఒక్కసారి మళ్ళీ చదవండి. ‘శాస్త్రీయ’ సంగీతం. తండాలో అమ్మమ్మలు తీజ్ పండక్కి పాడే పాట ఆ మాటలోకి రాదు. ధింసా రాదు, కొమ్ము నాట్యం రాదు, ఎరుకల సోది పాట రాదు. రిపబ్లిక్ డే శకటం మీద మాత్రం మన అద్దాల గాగ్రాలు, కొమ్ముల తలపాగాలు తప్పనిసరిగా ఉండాలి. విదేశీ అతిథి వస్తే స్వాగతానికి మన డ్యాన్సు కావాలి. సంపాదన వచ్చే కాగితం మీదికొచ్చేసరికి మనది కళ కాదు, ‘జానపదం’. మనల్ని తీసేయాలని అక్కడెవరూ కుట్ర చేసి ఉండరు. ఆ బల్ల దగ్గర మనల్ని గుర్తుచేసేవాళ్ళు ఎవరూ లేరు. అంతే. మినహాయించడం ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంది.

ఇక్కడ నర్సింగ్ చదివే చెల్లెళ్ళు జాగ్రత్తగా వినాల్సిన సంగతి ఒకటుంది. ‘యూరప్‌తో ఒప్పందమైంది, ఇక వీసాలు తేలిక’ అని ఏజెంట్లు చెప్పడం మొదలుపెడతారు. అది నిజం కాదు. వాణిజ్య ఒప్పందాల్లో నాలుగో తలుపు తాత్కాలికంగా పోయి సేవ చేసి వచ్చేవాళ్ళకి. అక్కడే ఉద్యోగంలో చేరి స్థిరపడాలంటే ఆ దేశం వలస చట్టం వేరే ఉంటుంది. జర్మనీకి నర్సుల అవసరం చాలా ఉంది. 2022 డిసెంబర్‌లో మన దేశంతో వలస, రాకపోకల ఒప్పందం చేసుకుంది. నైపుణ్యం ఉన్న భారతీయులకిచ్చే వీసాలు ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని 2024లో ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ భాష నేర్పించి పంపుతోంది కూడా. కాబట్టి అవకాశం నిజమే. కానీ ఆ అవకాశానికి మూడు తాళాలున్నాయి.

మొదటి తాళం భాష. జర్మనీలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాషలో బీ-2 స్థాయి కావాలి. అంటే రోగి నొప్పి ఎక్కడో చెబితే అర్థం కావాలి, కేస్ షీటు రాయగలగాలి. దీనికి నెలల తరబడి, పనీ పాటా మానుకుని కూర్చుని చదవాలి. రెండో తాళం గుర్తింపు. మన సర్టిఫికెట్‌ని అక్కడి అధికారులు పరిశీలించి, తక్కువ ఉన్నచోట పరీక్షో, శిక్షణో పెడతారు. మూడో తాళం డబ్బు. కోచింగ్, పరీక్ష ఫీజులు, అనువాదాలు, అటెస్టేషన్, విమానం టిక్కెట్టు. ఇంతలో ఇంట్లో జీతం రాదు.

ఈ మూడు తాళాల్లో ఒక్కటి కూడా కులం పేరు అడగదు. అయినా చూడండి, ప్రతి తాళం దగ్గరా ముందు ఆగిపోయేది ఎవరు? ఇంట్లో లంబాడీ భాష, ఎరుకల భాష మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, కాలేజీలో ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన పిల్ల. నాలుగో భాష నేర్చుకునే తెలివి ఆ పిల్లకి అందరికంటే ఎక్కువే ఉంటుంది. అప్పటికే మూడు నేర్చుకుంది కదా. లేనిది తెలివి కాదు. ఎనిమిది నెలలు కూలికి పోకుండా చదువుకునే వెసులుబాటు లేదు.

‘ఇది మెరిట్ విషయం, దీనికీ రిజర్వేషనేనా?’ అనేవాళ్ళకి యూరప్ కథే చెబుదాం. 2004లో యూరోపియన్ కమిషన్ ఒక ప్రతిపాదన తెచ్చింది. దాన్ని బోల్కెస్టైన్ డైరెక్టివ్ అంటారు. యూనియన్‌లో ఏ దేశపు కంపెనీ అయినా తన దేశం రూల్సుతోనే ఇంకో దేశంలో సేవలు అందించొచ్చు అన్నారు. అంతే, ఫ్రాన్స్‌లో గగ్గోలు. ‘పోలండ్ ప్లంబర్ వచ్చి తక్కువ కూలికి మన పని లాగేసుకుంటాడు’ అని భయపెట్టారు. 2005 మార్చిలో వేలాది కార్మికులు బ్రస్సెల్స్ వీధుల్లోకి వచ్చారు. చివరికి 2006లో చట్టం వచ్చేసరికి ఆ ‘సొంత దేశం రూలు’ పోయింది. ఆరోగ్య సేవలని దాని పరిధిలోంచే తీసేశారు. ఒకే జెండా కింద ఉన్న, దాదాపు ఒకే రంగు మనుషుల మధ్యే అంత పంచాయితీ అయింది!

ఇప్పటికీ అంతే. యూరప్ పోటీలో ఎందుకు వెనకబడుతోందో చెప్పమని మాజీ ఇటలీ ప్రధాని మారియో ద్రాగీని అడిగారు. 2024 సెప్టెంబర్‌లో ఆయన పెద్ద రిపోర్టు ఇచ్చారు. తర్వాత 2025లో ఒక వ్యాసంలో ఐఎంఎఫ్ అంచనాని గుర్తుచేశారు. యూరప్ దేశాల మధ్య ఉన్న లోపలి అడ్డంకులు సేవల విషయంలో 110 శాతం సుంకంతో సమానమని. అంటే మనకి ‘తలుపులు తెరవండి’ అని చెప్పే ఖండం, తన ఇంట్లో ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గడియ పెట్టుకునే ఉంది. దాన్ని నేను తప్పుపట్టట్లేదు. ఆ గడియల్లో కొన్ని అక్కడి కార్మికులు, నర్సులు, టీచర్లు పోరాడి పెట్టించుకున్నవి. నేను చెప్పేది ఒకటే. సేవల వాణిజ్యంలో ‘పూర్తి స్వేచ్ఛ’ అనేది ఎక్కడా లేదు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకి రక్షణ దొరికింది. ఫ్రాన్స్ ప్లంబర్ అడిగితే అది దేశ ప్రయోజనం, తండా పిల్ల అడిగితే మెరిట్‌కి అడ్డమా?

ఇంకో సంగతి. ఆ ఒప్పందం యూరప్ పార్లమెంటులో ఓటింగ్‌కి రావాలి. మన దగ్గర అంతర్జాతీయ ఒప్పందానికి పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు, కేబినెట్ ఆమోదిస్తే చాలు. విదేశీ వాణిజ్యం రాజ్యాంగంలో కేంద్రం జాబితాలో ఉంది. ఆసుపత్రులు రాష్ట్రం జాబితాలో, చదువు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే సంతకం పెట్టేది ఢిల్లీ, దాని మంచిచెడ్డలు మోసేది రాష్ట్రం, చివర్లో అనుభవించేది ఊరు. ఊరికి ముందుగా చెప్పేవాళ్ళెవరూ లేరు. అందుకే మనమే చెప్పుకోవాలి.

మనవాళ్ళు సేవల వాణిజ్యానికి కొత్త అనుకుంటున్నారా? కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మన పాత జిల్లా మచిలీపట్నంలో కోఠీ పెట్టేనాటికే మన తాతలు సేవల రంగంలో ఉన్నారు. లంబాడీల ఎడ్ల బిడారులు తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోసేవి. ఎరుకలవాళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు తీసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది రవాణా సేవ, సరఫరా సేవ. లారీలు, రైళ్ళు లేని రోజుల్లో రాజుల సైన్యాలకి తిండి అందింది ఆ బిడారుల వల్లే.

తర్వాత ఏమైంది? కంపెనీ ఉప్పుని గుత్తకి తీసుకుంది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలు నడిచింది. రోడ్లు పడ్డాయి. ‘వాణిజ్యం పెరుగుతుంది, దేశం ముందుకు పోతుంది’ అనే అప్పుడూ అన్నారు. వాణిజ్యం నిజంగానే పెరిగింది. కానీ అప్పటిదాకా ఆ సరుకు మోసినవాడికి కొత్త పద్ధతిలో చోటెక్కడ అని ఎవరూ అడగలేదు. పని పోయిన ఎరుకలవాణ్ణి దొంగ అన్నారు. 1871లో వచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేశారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలీస్ స్టేషన్ రికార్డుల్లో, ఊరి నోళ్ళలో చాలాకాలం మిగిలింది.

రైలు రాకూడదని నేను అనను. రైలు వచ్చినప్పుడు ఎద్దులతో బతికేవాడికి రైల్వేలో ఉద్యోగమైనా ఇవ్వాల్సింది అంటాను. ఇప్పుడు వచ్చేది కూడా అలాంటి రైలే. ఈసారి కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తూ ఉండిపోతామా?

మన ఉద్యమంలో కొందరు అన్నలు ‘ఈ ఒప్పందాలన్నీ రద్దు చేయాలి’ అంటారు. వాళ్ళ భయాన్ని గౌరవిస్తాను. ఏజెన్సీలో గనుల కోసం కంపెనీలు ఎలా వచ్చాయో, 1997లో సమత తీర్పు లేకపోతే ఏమయ్యేదో వాళ్ళకి తెలుసు. కానీ మన జగ్గయ్యపేట, నందిగామ మైదాన ప్రాంతం. ఇక్కడ ఐదో షెడ్యూలు లేదు, పీసా చట్టం లేదు, 1/70 లేదు. మనకి కాపలా ఉన్న భూమి లేదు. మనకున్న ఆస్తి చదువుకున్న పిల్లలే. వాళ్ళకి ‘ఆ తలుపు వైపు చూడకు’ అని చెప్పలేను. ‘పోటీ వస్తే అందరూ బాగుపడతారు’ అనే మాటా నమ్మలేను. తలుపు తెరిచేటప్పుడే తాళంచెవి మన చేతికీ ఇవ్వాలి. అది మన డిమాండ్.

తాళంచెవి అంటే ఏంటో స్పష్టంగా చెప్పుకుందాం.

ఒకటి, భాష. నందిగామలో, జగ్గయ్యపేటలో గిరిజన విద్యార్థుల కోసం జర్మన్ భాషా కేంద్రం పెట్టాలి. చదివినన్నాళ్ళూ నెలకి స్టైపెండ్ ఇవ్వాలి. స్టైపెండ్ లేని ఉచిత కోచింగ్ మన పిల్లలకి ఉచితం కాదు, పోయిన కూలి వాళ్ళదే కదా. డబ్బెక్కడిది అంటారేమో. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన జనాభాకి తగ్గ వాటా మన కోసమే ఖర్చు పెట్టాలని ఆ చట్టం చెబుతోంది. రోడ్లకి, బిల్డింగులకి మళ్ళించకుండా ఇలాంటి వాటికి పెట్టండి అని అడుగుదాం.

రెండు, విదేశీ చదువు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి ఎన్నో తెలుసా? 20. అందులో 3 అతి వెనకబడిన తెగలకి. 2011 లెక్కల ప్రకారం ఎస్టీల జనాభా 10 కోట్ల 40 లక్షల పైన. ఒక్క 2023లోనే యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డులు తీసుకున్న భారతీయులు సుమారు 21 వేల మంది, ఏ దేశం వాళ్ళకన్నా ఎక్కువ. ఆ 21 వేల పక్కన ఈ 20 పెట్టి చూడండి. వేరే మాట అక్కర్లేదు.

మూడు, టెండర్లు. బ్రిటన్ ఒప్పందంతో కేంద్ర ప్రభుత్వ టెండర్లలో కొన్ని ఆ దేశపు కంపెనీలకి తెరుచుకుంటాయి. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నుంచి విధానం ఉంది. క్యాటరింగ్, వాహనాలు, హౌస్‌కీపింగ్ లాంటి సేవలు చేసే మన కుర్రాళ్ళకి అదే ఆసరా. ఏ కొత్త ఒప్పందం వచ్చినా ఆ 4 శాతం జోలికి పోకూడదు. అది నిజంగా అమలవుతోందా అని కూడా ఏటా లెక్క చెప్పాలి.

నాలుగు, లెక్క. పెట్టుబడి ఒప్పందం పేరుతో వచ్చి ప్రభుత్వ భూమి, కరెంటు రాయితీ, పన్ను మినహాయింపు తీసుకునే ప్రతి కంపెనీ తన దగ్గర ఎస్టీలు ఎందరున్నారో బయటపెట్టాలి. ఇది రిజర్వేషన్ కాదు, కనీసం లెక్క. ప్రజల సొమ్ము తీసుకున్నవాళ్ళని ప్రజలు అడిగే కనీస ప్రశ్న. 10 లక్షల ఉద్యోగాల్లో మనవాళ్ళెందరు అని పదిహేనేళ్ళ తర్వాత అడిగితే లాభం లేదు, మొదటి ఏడాది నుంచే అడగాలి.

ఐదు, గుర్తింపు. కళాకారులని పంపే ఏ జాబితా తయారైనా అందులో ఆదివాసీ కళలని పేరుపెట్టి రాయాలి. ‘శాస్త్రీయ’ అన్న ఒక్క మాట పక్కన ‘ఆదివాసీ, జానపద’ అని చేర్చడానికి ఖజానాలో రూపాయి ఖర్చు కాదు.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి. మనం రేపే చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి.

విదేశీ ఉద్యోగం అని ఎవరైనా వస్తే పైసా కట్టకముందే వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 1983 వలస చట్టం ప్రకారం లైసెన్సు తీసుకున్న ఏజెంట్లకే మనుషులని పంపే హక్కుంది. కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పొలం కుదువపెట్టేముందు తండా పెద్దలకి, చదువుకున్న నలుగురికి ఒక మాట చెప్పండి.

ప్రతి తండాలో, కాలనీలో డిగ్రీ, డిప్లొమా, నర్సింగ్, ఐటీఐ చదివిన పిల్లలెందరో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎవరు ఖాళీగా ఉన్నారో రాయండి. ప్రభుత్వం పెట్టని లెక్క మనమే పెడదాం. ఆ పుస్తకం చేతిలో ఉంటే కలెక్టరు గారి ప్రజా సమస్యల పరిష్కార వేదికకి పోయినా, ఎమ్మెల్యే గారి దగ్గరికి పోయినా మన మాటకి బరువుంటుంది.

సమాచార హక్కు చట్టం కింద జిల్లా గిరిజన సంక్షేమ శాఖకి, నైపుణ్యాభివృద్ధి సంస్థకి మూడే ప్రశ్నలు పెడదాం. గత మూడేళ్ళలో విదేశీ భాష, విదేశీ ఉద్యోగ శిక్షణ ఎందరికి ఇచ్చారు? అందులో ఎస్టీలెందరు? ఎంత ఖర్చు పెట్టారు? జవాబు వచ్చినా మనకి ఆయుధమే. ‘సమాచారం లేదు’ అని రాసిచ్చినా అంతకంటే పెద్ద ఆయుధం.

చివరిగా ఒక మాట. పోటీ అంటే మనకి భయం లేదు. మూడు భాషలు నేర్చి, పత్తి చేలోంచి పరీక్ష హాలుకి నడిచొచ్చిన పిల్లలకి పోటీ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ పరుగు పందెంలో గీత అందరికీ ఒకచోటే గీయాలి. మన తాతల ఉప్పు బస్తా దారిలో ఉండగానే దారే మార్చేశారు, వాళ్ళకి చెప్పలేదు. ఈసారి దారి మారుతోందని మనకి ముందే తెలుసు. తెలిసి కూడా అడగకపోతే రేపు మన పిల్లలకి ఏం సమాధానం చెబుతాం?

అడుగుదాం. మీ తండాలో ఆ నోటు పుస్తకం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

జై భీమ్! జై ఆదివాసీ!